అవతల ప్రింటరు ఉందనుకునే ఎక్స్ఛేంజీ: పాత ఈపీఏబీఎక్స్‌ను కొత్త సర్వర్‌కు కలపడం ఎలా?

పాత ఈపీఏబీఎక్స్ (ఆఫీసు లోపలి ఫోన్లను కలిపే ఎక్స్ఛేంజీ) వెనక తొమ్మిది లేదా ఇరవై ఐదు పిన్నుల సీరియల్ పోర్టు ఒకటి ఉంటుంది. కొత్త కంప్యూటర్‌కు అలాంటి పోర్టే ఉండదు. మధ్యలో యూఎస్‌బీ అడాప్టర్ పెడితే పని అయిపోతుందని అనుకుంటాం. డ్రైవర్ ఎక్కుతుంది, కామ్ పోర్టు నంబరు కనిపిస్తుంది, టెర్మినల్ తెరుస్తాం. తెర మీద ఒక్క అక్షరం కూడా రాదు. లేదంటే పిచ్చి గుర్తుల వాన కురుస్తుంది. ఇంకా ఇబ్బందికరమైన సంగతి మరొకటుంది: వారం రోజులు చక్కగా పనిచేసి, ఆ తర్వాత ఏ హెచ్చరికా లేకుండా కొన్ని కాల్ రికార్డులు మాయమవుతాయి.

ఈ మూడింటికీ మూలం ఒకటే. ఆ పోర్టును రూపొందించిన రోజుల్లో దాని అవతల ఉండేది సీరియల్ ప్రింటరు, లేదా మోడెమ్, లేదా అక్షరాలు మాత్రమే చూపే టెర్మినల్. ఎక్స్ఛేంజీ ఇప్పటికీ అదే నమ్మకంతో ఉంది. మనం పెట్టే అడాప్టర్ ఆ ప్రింటరు పాత్రను చివరిదాకా సరిగ్గా పోషించాలి. వైరింగు, వేగం, హ్యాండ్‌షేక్ (సిద్ధమా, ఆగాలా అని ఇరువైపులా చెప్పుకునే సంకేతాలు), నెట్‌వర్క్ అన్నీ ఆ పాత్రలోని భాగాలే.

ఈ పోర్టులో మాట్లాడేది ఎవరు?

ముందు ఒక అపోహ తీర్చేయాలి. సీరియల్ పోర్టులో గొంతు ప్రయాణించదు. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే అడాప్టర్ కొని పాత ఎక్స్ఛేంజీ కాల్స్‌ను ఐపీ ఫోన్లకు తెద్దామనుకుంటే అది జరిగే పని కాదు. మాటను మార్చడానికి గేట్‌వేలు వేరే ఉన్నాయి: ఎక్స్‌టెన్షన్ల (లోపలి ఫోన్ల) వైపు ఎఫ్ఎక్స్ఓ గేట్‌వే, ట్రంకుల (బయటి లైన్ల) వైపు ఎఫ్ఎక్స్ఎస్ గేట్‌వే, డిజిటల్ ట్రంకు ఉంటే ఈ1 లేదా టీ1 గేట్‌వే.

సీరియల్ పోర్టులో వచ్చేది సమాచారం మాత్రమే. అది మూడు రకాలు. మొదటిది ఎస్ఎండీఆర్, అంటే ప్రతి కాల్ ముగిశాక ఏ ఎక్స్‌టెన్షన్, ఏ నంబరు, ఎంతసేపు అని ఒక వరుస రాసి పంపడం. రెండోది మెయింటెనెన్స్ పోర్టు, ప్రోగ్రామింగ్ చేసేది, అలారాలు చూసేది. మూడోది వాయిస్‌మెయిల్ లేదా హోటల్ సాఫ్ట్‌వేర్‌తో సంభాషణ. ఇందులో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు జవాబులు నడుస్తాయి. మొదటి రకంలో ఎక్స్ఛేంజీ చెబుతుంది, మనం వింటాం. మూడో రకంలో మన జవాబు ఆలస్యమైతే ఎక్స్ఛేంజీ అలుగుతుంది. కాబట్టి వైరు ముట్టుకునే ముందే మన పోర్టు ఏ రకమో సిస్టమ్ మాన్యువల్‌లో చూసుకోవాలి.

ఇక్కడే ఒక హెచ్చరిక. కొన్ని ఎక్స్ఛేంజీల్లో సీరియల్ పోర్టు కూడా ఆర్‌జే-11 లేదా ఆర్‌జే-45 జాక్ రూపంలోనే ఉంటుంది. పక్కనే ఎక్స్‌టెన్షన్ జాకులు అచ్చం అలాగే ఉంటాయి. ఫోన్ లైనులో ఖాళీగా ఉన్నప్పుడే 48 వోల్టుల వరకు డీసీ ఉంటుంది, బెల్లు మోగేటప్పుడు దాని మీద 90 వోల్టుల ప్రాంతంలో ఏసీ ఎక్కుతుంది. పొరపాటున సీరియల్ అడాప్టర్‌ను అందులో గుచ్చితే ఆ అడాప్టర్ మళ్లీ పనికిరాదు. జాక్ ఆకారాన్ని ఎప్పుడూ నమ్మకూడదు.

ముందు మల్టీమీటర్, తర్వాతే కంప్యూటర్

చాలామంది నేరుగా టెర్మినల్ తెరిచి వేగాలు మారుస్తూ కూర్చుంటారు. వైరే తప్పుగా ఉంటే ఎన్ని వేగాలు మార్చినా లాభం లేదు. రెండు నిమిషాల మల్టీమీటర్ పని రెండు రోజుల తికమకను తప్పిస్తుంది.

ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960 నాటిది. ఎక్కువ ఎక్స్ఛేంజీలు అనుసరించే సి సవరణ 1969లో వచ్చింది. ఇందులో ఒకటి అనే బిట్టుకు వోల్టేజీ మైనస్ 3 నుంచి మైనస్ 15 మధ్య, సున్నాకు ప్లస్ 3 నుంచి ప్లస్ 15 మధ్య. మైనస్ 3కు, ప్లస్ 3కు నడుమ ఉన్నదానికి అర్థం లేదు. ఏమీ పంపనప్పుడు డేటా లైను ఒకటి స్థితిలోనే, అంటే మైనస్‌లో నిలబడి ఉంటుంది. మనకు కావలసిన ఆనవాలు ఇదే.

కేబుల్ ఏదీ పెట్టకుండా ఎక్స్ఛేంజీ పోర్టులో, తొమ్మిది పిన్నులదైతే నల్ల ప్రోబ్‌ను 5వ పిన్ను మీద, ఇరవై ఐదు పిన్నులదైతే 7వ పిన్ను మీద పెట్టండి. అది సిగ్నల్ గ్రౌండ్. ఎర్ర ప్రోబ్‌తో 2, 3 పిన్నులు చూడండి. ఏది మైనస్ 5 నుంచి మైనస్ 12 మధ్య స్థిరంగా నిలిస్తే ఆ పిన్ను మీద ఎక్స్ఛేంజీ మాట్లాడుతోంది. రెండోది సున్నాకు దగ్గరగా ఉంటుంది, అది దాని చెవి.

యూఎస్‌బీ అడాప్టర్ ఎప్పుడూ డీటీఈ, అంటే టెర్మినల్ వేషంలో ఉంటుంది. దాని తొమ్మిది పిన్నుల కనెక్టర్‌లో 3 మీద మాట్లాడుతుంది, 2 మీద వింటుంది. ఎక్స్ఛేంజీ తొమ్మిది పిన్నుల పోర్టులో 2 మీద మైనస్ కనిపిస్తే అది డీసీఈ, మోడెమ్ వేషం. నేరు కేబుల్ చాలు. 3 మీద కనిపిస్తే రెండూ డీటీఈలే. అప్పుడు నల్ మోడెమ్ అనే అడ్డ కేబుల్ కావాలి: 2 నుంచి 3కు, 3 నుంచి 2కు, 5 నుంచి 5కు, 7 నుంచి 8కి, 8 నుంచి 7కు, ఒక వైపు 4ను అవతలి వైపు 1, 6 కలిపిన చోటికి, అలాగే తిరగేసి. ఇరవై ఐదు పిన్నుల పోర్టులో అంకెలు తారుమారవుతాయి. అక్కడ డీటీఈ మాట్లాడేది 2 మీద, వినేది 3 మీద. ఒకటి తొమ్మిది, ఇంకోటి ఇరవై ఐదు అయినప్పుడు నేరు కేబుల్‌లోనే 2, 3 అంకెలు అడ్డంగా కనిపించి మనిషిని తప్పుదారి పట్టిస్తాయి. అంకెల్ని వదిలేసి మైనస్ వోల్టేజీని నమ్ముకోవడమే మేలు.

ఏ పిన్ను మీదా మైనస్ కనిపించక, డేటా లైనులా అనిపించే పిన్ను ప్లస్ 3.3 లేదా ప్లస్ 5 దగ్గర కదలకుండా ఉంటే అది ఆర్‌ఎస్-232 కాదు, టీటీఎల్. కార్డు మీద నేరుగా ఉండే చిన్న హెడర్ పిన్నుల్లో ఇలా ఉంటుంది. రెండింటిలో స్థాయిలు వేరు, తర్కం కూడా తలకిందులు. ఆర్‌ఎస్-232 అడాప్టర్‌ను టీటీఎల్ పిన్నులకు నేరుగా తగిలిస్తే ప్రాసెసర్ కాలిపోవచ్చు. మధ్యలో మ్యాక్స్3232 లాంటి లెవెల్ మార్చే చిప్పు ఉండాలి, లేదా మొదటే టీటీఎల్ రకం యూఎస్‌బీ కేబుల్ తీసుకోవాలి.

ఆర్‌జే-45 సీరియల్ జాకులకు అందరికీ ఒకే పిన్ను క్రమం అంటూ లేదు. ఒక తయారీదారు కేబుల్ ఇంకొకరి పెట్టెకు సరిపోతుందని అనుకోవద్దు. జాక్‌లో పిన్నులు చిన్నవి కాబట్టి, ఒక చివర తెరిచిన ప్యాచ్ కేబుల్ గుచ్చి ఎనిమిది వైర్లనూ విడివిడిగా కొలవడం సులువు.

వేగం, పారిటీ: తెర మీది చెత్తను చదవడం

వైరు సరిపోయాక అక్షరాలు రావడం మొదలవుతుంది. ఎక్కువగా కనిపించేది 9600 బాడ్ (సెకనుకు బిట్లు), 8 డేటా బిట్లు, పారిటీ (తప్పు పట్టే అదనపు బిట్టు) లేదు, 1 స్టాప్ బిట్ (అక్షరం ముగింపు గుర్తు). అవాయా ఐపీ ఆఫీస్ డీటీఈ పోర్టు 38400 మీద నడుస్తుంది. వాయిస్‌మెయిల్ కోసం వాడే ఎస్ఎండీఐ లింకు మాత్రం 1200 బాడ్, 7 బిట్లు, ఈవెన్ పారిటీకి అలవాటుపడింది. మాన్యువల్ దొరకకపోతే తెర మీది చెత్తే ఆధారం.

వేగం తప్పితే ఏ అక్షరమూ అర్థం కాదు, పైగా ఒక వరుసలో వచ్చిన అక్షరాల సంఖ్య కూడా మారిపోతుంది. మన వేగం అసలు దానికంటే ఎక్కువైతే ఒక్కో అక్షరానికి రెండు మూడు చెత్త గుర్తులు వస్తాయి. తక్కువైతే పొడవాటి వరుస కుంచించుకుపోతుంది. ఒక అక్షరం పది బిట్ల ప్రయాణం కాబట్టి, రెండు వైపుల గడియారాల తేడా మొత్తం 5 శాతం దాటితే చివరి బిట్టు దగ్గర చదువు తప్పుతుంది.

పారిటీ తప్పితే కథ వేరు, ఇది గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలా సమయం మిగులుతుంది. అవతల 7 బిట్లు, ఈవెన్ పారిటీ. ఇవతల మనం 8 బిట్లు, పారిటీ లేదు అని పెట్టామనుకోండి. రెండింటిలోనూ అక్షరానికి పది బిట్లే, కాబట్టి లయ తప్పదు. తేడా ఎనిమిదో బిట్టు దగ్గరే. అక్షరంలో ఒకట్లు సరి సంఖ్యలో ఉంటే పారిటీ బిట్టు సున్నా, అక్షరం శుభ్రంగా కనిపిస్తుంది. బేసి అయితే పారిటీ బిట్టు ఒకటి, అక్షరం చెడిపోతుంది. అంకెల్లో 0, 3, 5, 6, 9 బాగుంటాయి. 1, 2, 4, 7, 8 పాడైపోతాయి. వరుస చివర వచ్చే క్యారేజ్ రిటర్న్‌లో ఒకట్లు మూడు, అదీ చెడుతుంది. కొత్త వరుసకు దింపే లైన్ ఫీడ్‌లో రెండే, అది నిలుస్తుంది. ఫలితంగా వరుసలు మొదటికి రాకుండా మెట్లు మెట్లుగా కుడివైపుకు జారుతాయి. సగం అంకెలు సవ్యంగా, సగం చెడి, వరుసలు మెట్లలా దిగుతుంటే వేగం ముట్టుకోకండి, 7 బిట్లు ఈవెన్‌కు మార్చండి. సరిగ్గా దీనికి తిరగేసి, 1, 2, 4, 7, 8 బాగుండి మిగతావి పాడైతే అది ఆడ్ పారిటీ.

ప్రింటరు సిద్ధంగా ఉందా?

వైరు సరే, వేగం సరే, ప్రోగ్రామింగ్‌లో ఎస్ఎండీఆర్ ఆన్ చేసి ఉంది, అయినా తెర ఖాళీ. ఇక్కడికి వచ్చాక దాదాపు ప్రతిసారీ కారణం హ్యాండ్‌షేక్. ప్రింటర్లో కాగితం అయిపోతే అది డీటీఆర్ లైనును ('నేను సిద్ధం' అని చెప్పేది) కిందికి దించేది. ఎక్స్ఛేంజీ ఆ లైను చూసి ఆగేది. ఇప్పుడు మూడు వైర్ల కేబుల్ వేస్తే ఆ లైను గాలిలో ఉంటుంది, ఎక్స్ఛేంజీ మాత్రం కాగితం కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది.

సత్వర పరీక్ష: ఎక్స్ఛేంజీ తొమ్మిది పిన్నుల డీటీఈ అయితే దాని వైపు కనెక్టర్‌లోనే 7, 8 పిన్నులను కలపండి, 1, 4, 6 మూడింటినీ కలపండి. తన సిగ్నలే తనకు తిరిగి వస్తుంది, అంతా సిద్ధమనుకుని రికార్డులు పంపడం మొదలుపెడుతుంది. వచ్చాయంటే రోగం తెలిసినట్టే. కానీ ఈ కట్టును శాశ్వత వైద్యంగా వదిలేయడాన్ని గట్టిగా వద్దంటాం. ఇలా కడితే ఎక్స్ఛేంజీకి ఆగమని చెప్పే దారే ఉండదు. కంప్యూటర్ ఆపేసి ఉన్నా అది రికార్డులను శూన్యంలోకి పంపేసి, బఫర్ (తాత్కాలిక నిల్వ) నుంచి చెరిపేస్తుంది. పూర్తి వైర్ల కేబుల్ వేసి, టెర్మినల్‌లో డీటీఆర్, ఆర్‌టీఎస్ (పంపడానికి అనుమతి అడిగే లైను) ఆన్ చేయడమే సరైన పద్ధతి.

కొన్ని సిస్టమ్‌లు వైర్లకు బదులు ఎక్స్-ఆన్, ఎక్స్-ఆఫ్ అక్షరాలతో ఆగుతాయి, కదులుతాయి. మెయింటెనెన్స్ టెర్మినల్‌లో పొరపాటున కంట్రోల్-ఎస్ నొక్కితే అంతా స్తంభించిపోయినట్టు అనిపించేది అందుకే. కంట్రోల్-క్యూ నొక్కితే కదులుతుంది.

అడాప్టర్ ఎంపిక

ఎఫ్‌టీడీఐ, సిలికాన్ ల్యాబ్స్, ప్రోలిఫిక్, డబ్ల్యూసీహెచ్ చిప్పులతో అడాప్టర్లు దొరుకుతాయి. చిప్పు పేరు కంటే అది అసలుదా కాదా అన్నది ముఖ్యం. 2014లో ఎఫ్‌టీడీఐ విడుదల చేసిన ఒక విండోస్ డ్రైవర్ నకిలీ చిప్పుల ప్రోడక్ట్ ఐడీని సున్నాగా మార్చడంతో అవి కంప్యూటర్‌కు కనిపించకుండా పోయాయి. పాత లేదా నకిలీ పీఎల్2303 చిప్పు ఉంటే ప్రోలిఫిక్ కొత్త డ్రైవర్ ఒప్పుకోదు, డివైస్ మేనేజర్‌లో కోడ్ 10 కనిపిస్తుంది. ఏళ్ల తరబడి కదలకుండా పనిచేయాల్సిన చోట చవక అడాప్టర్ పెట్టడం పొదుపు కాదు.

మరో ఆచరణాత్మక విషయం. ఎఫ్‌టీడీఐ చిప్పుల్లో సాధారణంగా సొంత సీరియల్ నంబరు ఉంటుంది, కాబట్టి ఏ యూఎస్‌బీ సాకెట్‌లో గుచ్చినా అదే కామ్ నంబరు వస్తుంది. డబ్ల్యూసీహెచ్ వారి సీహెచ్340 చిప్పుల్లో సాధారణంగా ఉండదు. వాటిని వేరే సాకెట్‌లోకి మారిస్తే కామ్ నంబరు మారుతుంది, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పాత నంబరు దగ్గరే ఎదురుచూస్తుంది. లైనక్స్‌లో అయితే యూడెవ్ నియమంతో స్థిరమైన పేరు పెట్టుకోవచ్చు. విండోస్‌లో యూఎస్‌బీకి విద్యుత్ ఆదా చేసే సెట్టింగును తీసేయడం మరవద్దు; రాత్రంతా కాల్స్ లేకపోతే పోర్టు నిద్రలోకి జారి, పొద్దుటి మొదటి రికార్డులు పోవచ్చు.

గ్రౌండ్ సంగతి ఇంకా ముఖ్యం. టెలిఫోన్ పరికరాలు మైనస్ 48 వోల్టుల మీద నడుస్తాయి, వాటిలో ప్లస్ వైపు భూమికి కలిపి ఉంటుంది. ఎక్స్ఛేంజీ ఒక ఎర్త్ మీద, సర్వర్ ఇంకో ఎర్త్ మీద ఉంటే, ఆ రెండింటి మధ్య తేడా మన 5వ పిన్ను వైరు గుండానే ప్రవహిస్తుంది. పిడుగు పడినప్పుడు ఆ తేడా ఒక్కసారిగా పెరుగుతుంది, యూఎస్‌బీ పోర్టుతో పాటు మదర్‌బోర్డూ పోవచ్చు. రెండు పెట్టెలూ ఒకే ర్యాక్‌లో లేకపోతే ఆప్టికల్ ఐసొలేషన్ ఉన్న అడాప్టరే వాడండి. ఐసొలేటర్ విడిగా కొంటే, డీటీఆర్, ఆర్‌టీఎస్ లైన్ల నుంచే కరెంటు లాక్కునే రకం కాకుండా సొంత పవర్ అడాప్టర్ ఉన్నది చూసుకోవాలి. బలహీనమైన యూఎస్‌బీ అడాప్టర్ ముందు లైన్ల నుంచి లాక్కునేది ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు. ఆ రకం లోపాన్ని పట్టుకోవడం మహా కష్టం.

దూరం విషయంలో, పాత ప్రమాణం చెప్పే 15 మీటర్ల లోపే ఉండండి. 9600 వేగంలో మంచి కేబుల్ ఇంకొంత దూరం లాగుతుంది, కానీ దాని మీద ఆధారపడి డిజైన్ చేయకూడదు. దూరం ఎక్కువైతే సీరియల్ వైరును సాగదీసే బదులు నెట్‌వర్క్‌లోకి మార్చడం తెలివైన పని.

నెట్‌వర్క్‌లోకి మారినప్పుడు

సీరియల్ డివైస్ సర్వర్ అంటే ఒక వైపు ఆర్‌ఎస్-232, మరో వైపు ఈథర్‌నెట్ ఉండే చిన్న పెట్టె. మోక్సా ఎన్‌పోర్ట్, లాంట్రానిక్స్, డిజీ పెట్టెలు ఈ కోవలోవి. లైనక్స్ పెట్టె మీద సెర్2నెట్ ప్రోగ్రామ్ కూడా ఇదే పని చేస్తుంది. వాడే పద్ధతులు ప్రధానంగా రెండు. ముడి టీసీపీ పద్ధతిలో సీరియల్ నుంచి వచ్చిన బైట్లు అలాగే ఒక టీసీపీ పోర్టులో వస్తాయి. వర్చువల్ కామ్ పద్ధతిలో డ్రైవర్ ఒక నకిలీ కామ్ పోర్టు సృష్టిస్తుంది, పాత సాఫ్ట్‌వేర్ మార్చనక్కర్లేదు. వేగాన్ని, లైన్ల స్థితిని కూడా నెట్‌వర్క్ మీద పంపే ఆర్‌ఎఫ్‌సీ 2217 అనే పద్ధతి 1997 నుంచి ఉంది. కొత్తగా సాఫ్ట్‌వేర్ రాసుకునేవారికి ముడి టీసీపీ సరళం, నమ్మదగింది.

సాఫ్ట్‌వేర్ రాసేవారు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. ఒకసారి చదివితే ఒక రికార్డు వస్తుందని అనుకోవడం. డివైస్ సర్వర్ బైట్లను తనకు తోచినట్టు ప్యాకెట్లుగా కడుతుంది. ఒక రికార్డు రెండు ముక్కలుగా రావచ్చు, రెండు రికార్డులు అతుక్కుని రావచ్చు. బైట్లను పోగు చేసుకుని, వరుస చివరి గుర్తు దగ్గర మాత్రమే తెంచాలి. అలాగే రికార్డుల నడుమ పేజీ శీర్షికలు, ఖాళీ వరుసలు, ఫార్మ్ ఫీడ్ అక్షరాలు వస్తుంటాయి. కాగితం మీద అందంగా అచ్చవ్వడానికి పెట్టినవి అవి. వీలైతే ఎక్స్ఛేంజీ ప్రోగ్రామింగ్‌లోనే తీసేయండి, లేకపోతే చదివేటప్పుడు వడకట్టండి. ఎక్స్ఛేంజీ గడియారం జారుతూ ఉంటుంది కాబట్టి, రికార్డు అందిన సమయాన్ని సర్వర్ వైపు కూడా పక్కన రాసుకోవాలి.

హోటల్, వాయిస్‌మెయిల్ లింకుల్లో ఈ ముక్కలవడం ఇంకా ఇబ్బంది పెడుతుంది. అక్కడ ఒక సందేశం పంపితే అందిందన్న జవాబు కొద్ది క్షణాల్లో రావాలి. డివైస్ సర్వర్ బైట్లను కూడబెట్టే సమయం, ఎఫ్‌టీడీఐ అడాప్టర్‌లో మామూలుగా 16 మిల్లీసెకన్లుండే లేటెన్సీ టైమర్, నెట్‌వర్క్ ఆలస్యం అన్నీ కలిసి ఆ గడువును తినేస్తాయి. రెండో పక్షం అదే సందేశాన్ని మళ్లీ పంపుతుంది, గది రెండుసార్లు చెక్-ఇన్ అయినట్టు నమోదవుతుంది. ప్యాకెట్ కట్టే ఆలస్యాన్ని తగ్గించడం, సందేశం ముగింపు అక్షరం రాగానే పంపేలా పెట్టడం దీనికి మందు.

భద్రత విషయంలో మొహమాటం వద్దు. మెయింటెనెన్స్ పోర్టు వెనక ఉన్న పాస్‌వర్డ్ చాలాసార్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే, ముడి టీసీపీలో గుప్తీకరణ ఉండదు. ఆ పోర్టు పట్టుకున్నవాడు కాల్ ఫార్వార్డింగ్ పెట్టి మీ ఖర్చుతో విదేశాలకు ఫోన్లు చేసుకోగలడు. డివైస్ సర్వర్‌ను వేరే వీల్యాన్‌లో (నెట్‌వర్క్‌లో విడదీసిన భాగంలో) పెట్టి, ఒక్క సర్వర్ ఐపీకి మాత్రమే అనుమతి ఇచ్చి, బయటి నుంచి వీపీఎన్ ద్వారానే అందనివ్వాలి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చాలి.

ఇక మాయమయ్యే రికార్డులు. నెట్‌వర్క్ తెగింది, లేదా సర్వర్ రీబూట్ అవుతోంది. డివైస్ సర్వర్ మాత్రం ఇంకా కరెంటుతో ఉంది, దాని డీటీఆర్ పైకే ఉంది. ఎక్స్ఛేంజీకి ప్రింటరు సిద్ధంగా కనిపిస్తోంది, రికార్డు పంపి, అచ్చయిందనుకుని చెరిపేసింది. డివైస్ సర్వర్ దగ్గర తీసుకునేవారు లేరు, అది పారేసింది. ఎవరికీ తప్పు కనిపించదు. పాత రోజుల్లో ఇలా జరిగేది కాదు, కాగితం అయిపోయిన సంగతి ప్రింటరు వెంటనే చెప్పేది.

అందుకే కొన్ని డివైస్ సర్వర్లలో టీసీపీ కనెక్షన్ లేనప్పుడు డీటీఆర్, ఆర్‌టీఎస్ కిందికి దించే సెట్టింగు ఉంటుంది. అది ఆన్ చేయండి. టీసీపీ కీప్-అలైవ్‌ను (కనెక్షన్ బతికుందా అని చూసే తనిఖీని) కూడా నిమిషం లోపు పెట్టండి, లేకపోతే చచ్చిన కనెక్షన్‌ను అది చాలాసేపు బతికుందనే అనుకుంటుంది. అప్పుడు ఎక్స్ఛేంజీ తన బఫర్‌లో రికార్డులు దాచుకుంటుంది. ఆ బఫర్ ఎన్ని రికార్డులు పడుతుందో మాన్యువల్‌లో చూసి, రద్దీ గంటలో ఎన్ని కాల్స్ వస్తాయో దానితో భాగిస్తే సర్వర్ ఎంతసేపు ఆగినా ఫర్వాలేదో తెలుస్తుంది. సర్వర్ తిరిగొచ్చాక ఆ నిల్వ ఖాళీ కావడానికి పెద్ద సమయం పట్టదు: 80 అక్షరాల రికార్డు, వరుస ముగింపుతో 820 బిట్లు, 9600 బాడ్‌లో సెకనులో పదకొండో వంతు కంటే తక్కువ. 1200 బాడ్‌లో మాత్రం ఒక్కోదానికి 0.68 సెకను, అక్కడ వీలుంటే వేగం పెంచుకోవడం మంచిది.

అప్పగించే ముందు ఒక పరీక్ష తప్పనిసరి. నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి. కీప్-అలైవ్ గడువు దాటేదాకా ఆగండి. పది కాల్స్ చేసి పెట్టేయండి. ఎక్స్ఛేంజీ వైపు డీఎస్ఆర్ పిన్ను (అవతలి డీటీఆర్ వచ్చి చేరేది) మీద, అది చూసే లైను సీటీఎస్ (అవతలి ఆర్‌టీఎస్ వచ్చి చేరేది) అయితే ఆ పిన్ను మీద, మల్టీమీటర్ పెట్టి వోల్టేజీ మైనస్‌కు పడిందో లేదో చూడండి. కేబుల్ తిరిగి పెట్టి, సర్వర్‌లో రికార్డులు లెక్కపెట్టండి. పది ఉండాలి. తొమ్మిదే ఉంటే కీప్-అలైవ్ గడువు, డీటీఆర్ సెట్టింగు మళ్లీ చూసి, పరీక్ష మొదటి నుంచి చేయండి.